బొమ్మ ఎట్లా ఉంది?

వెల్డింగు షాపు ముందు నుంచి వెళ్తున్నప్పుడు ముక్కుకు తగిలే ఆ ఘాటు వాసన, పాత సినిమా హాలు కేబిన్ ఎరిగినవాళ్లని ఒక్క క్షణం నిలబెట్టేస్తుంది. ప్రొజెక్టర్ దీపంలో కార్బన్ కడ్డీలు మండేటప్పుడు వచ్చేది సరిగ్గా ఆ వాసనే. దానికి తోడు కాస్త మిషన్ నూనె, ఫిల్ము అతికించే సిమెంటు నుంచి గోళ్లరంగు లాంటి వాసన, "పొగ తాగరాదు" అన్న బోర్డు కిందే ఆపరేటర్ ఆర్పి దాచుకున్న సగం బీడీ. తాలూకా ఊళ్లలో హాళ్లు ఒక్కొక్కటే ఫంక్షన్ హాళ్లూ, షాపింగ్ కాంప్లెక్సులూ అయిపోయాక ఆ వాసనకి వెల్డింగు షాపులే దిక్కయ్యాయి.

ఈ మధ్య పాత సినిమాలు మళ్లీ హాళ్లలో వేస్తుంటే ఒక వాదన తరచూ వినిపిస్తోంది. "ఇంత బాగున్న బొమ్మ అప్పట్లో ఎందుకు ఆడలేదు?" అని కుర్రాళ్లు. "అప్పుడున్నంత బాగా ఇప్పుడు లేదే" అని పెద్దవాళ్లు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఎందుకంటే ఇద్దరూ చూసింది ఒకే బొమ్మ కాదు. రీళ్ల కాలంలో సినిమా ఎట్లా ఉందో చెప్పడమంటే సగం ఆ సినిమా గురించి, తక్కిన సగం ఆ హాలు, ఆ ప్రింటు, ఆ రోజు కరెంటు, ఆ ఆపరేటర్ గురించి చెప్పడమే. ఆ రెండో సగాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. పేరొచ్చినా చెడ్డపేరొచ్చినా అంతా దర్శకుడి ఖాతాలోకే పోయింది.

గంట కొట్టక ముందు

కొత్త బొమ్మ వచ్చిందని ముందు తెలిసేది చెవికి. రిక్షాకి రెండు వైపులా తడికలు కట్టి, వాటి మీద పోస్టర్లు అంటించి, పైన గొట్టం మైకు బిగించేవాళ్లు. "నేడే చూడండి... రోజూ మూడు ఆటలు" అంటూ అది సందు సందూ తిరిగేది. లోపలివాడు గుప్పెడు కరపత్రాలు గాల్లోకి విసిరితే వెనకాల పిల్లలు. సాయంత్రం హాలు కప్పు మీది మైకులో ఘంటసాల పాడిన వెంకటేశ్వరస్వామి పాట మొదలైందంటే టిక్కెట్లు ఇవ్వబోతున్నారని లెక్క. నాలుగు మైళ్ల దూరంలో పొలంలో ఉన్నవాడికి కూడా అదే గడియారం. ఆ పాట వినబడ్డాక కాళ్లు కడుక్కుని సైకిలెక్కినా న్యూస్ రీలు అయ్యేలోపు అందుకోవచ్చు.

గేటు దగ్గర పాటల పుస్తకాలు అమ్మేవాళ్లు. చవక కాగితం, నాలుగైదు రేకులు, పైన ఒక స్టిల్లు. కథ సగం దాకా చెప్పి, హీరోయిన్‌ని విలన్ చెరలో వదిలేసి, "తరువాయి కథ వెండితెరపై చూడండి" అని ఆపేసేవాళ్లు. ఇప్పటి ట్రైలర్లు కథంతా చెప్పేస్తున్నాయని విసుక్కునేవాళ్లు ఆ పుస్తకాల క్రమశిక్షణ గుర్తు చేసుకోవాలి.

నేల టిక్కెట్టు క్యూ రెండు గోడల మధ్య ఒక మనిషి మాత్రమే పట్టే సందు. వెనక్కి రావడానికి లేదు, ముందుకు పోవడమే. చివర్న చెయ్యి పట్టేంత కన్నం. లోపలికి పోయాక నేల, బెంచి, కుర్చీ, పైన బాల్కనీ. చాలా హాళ్లలో ఆడవాళ్ల వైపుకి మధ్యలో నడుమెత్తు గోడ.

ఈ తరగతుల తేడా అభిప్రాయాల్లో కూడా కనిపించేది. స్పీకర్లు తెర వెనకాలే ఉండేవి. తెరకున్న సన్నటి బెజ్జాల్లోంచి శబ్దం బయటికి వచ్చేది. కాబట్టి నేలలో ఉన్నవాడికి పాట గుండెల మీద కొట్టినట్టుండేది, బాల్కనీ కింద చివరి వరసలో ఉన్నవాడికి మాటలు ముద్దగా వినబడేవి. "పాటలు అదిరాయి" అని నేల, "సంభాషణలు తేలిపోయాయి" అని కుర్చీ. బయటికొచ్చాక ఇద్దరూ సంగీత దర్శకుడి గురించి, మాటల రచయిత గురించి కొట్టుకునేవాళ్లు. రేకుల కప్పు హాలయితే ఇంకో తిరకాసు. వాన మొదలైందంటే ఏ మాటా వినబడదు. మాటల మీద నడిచే సాంసారిక చిత్రాన్ని శ్రావణ మాసంలో రేకుల హాల్లో వేస్తే దాని గతి అంతే. యుద్ధాలూ, గుర్రాలూ ఉన్న జానపదానికి ఆ బాధ లేదు.

అసలు బొమ్మలో అన్నిటికంటే ముందు తెర మీదికి వచ్చేది సెన్సార్ సర్టిఫికెట్టు. అది పడగానే పైకి చదవడం ఒక ఆచారం. "పదహారు రీళ్లురోయ్!" అని ఎవడో అరిచేవాడు, హాలంతా ఈలలు. రీళ్లు ఎక్కువుంటే డబ్బుకి గిట్టుబాటు అని నమ్మకం. పొడవు మీటర్లలో ఉండేది. లెక్క తెలిసినవాళ్లు దాన్ని 27.4తో భాగించేవాళ్లు, నిమిషాలు వచ్చేవి. 4,500 మీటర్లంటే 164 నిమిషాలు. గడియారం చూసుకుని కూర్చుంటే, హాలువాడు ఎంత మింగాడో ఆట అయ్యేసరికి తేలిపోతుంది. రెండో ఆట చివరి బస్సుకి అందాలని ఒక పాట, హాస్యగాళ్ల సీను ఒకటి లేపేయడం చాలా ఊళ్లలో మామూలే. ఆ సినిమాలో హాస్యం సరిపోలేదని ఆ ఊరివాళ్లు నిజాయితీగానే చెప్పేవాళ్లు.

కేబిన్

నిప్పంటుకోని గది, తెర వైపు గోడకి చిన్న కిటికీలు, వాటి మీద ఇనప రేకు మూతలు, మూల ఇసక బకెట్లు. ఆపరేటర్‌కి లైసెన్సు ఉండాలి. పాత నైట్రేట్ ఫిల్ము మందుగుండులా మండేది కాబట్టి పెట్టిన నియమాలివి. యాభైల తర్వాత మండని సేఫ్టీ ఫిల్ము వచ్చింది. నియమాలు మాత్రం ఉండిపోయాయి, ఉండటమే మంచిదయింది.

లోపల రెండు ప్రొజెక్టర్లు. వెస్ట్రెక్స్, ఫోటోఫోన్, సింప్లెక్స్ పేర్లు ఎక్కువ వినబడేవి. దీపం పెట్టెలో రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా ఉంటాయి, పాజిటివ్ కాస్త లావు, నెగటివ్ సన్నం, పైన రాగి పూత. రెక్టిఫయర్ నుంచి డీసీ కరెంటు, హాలు సైజునిబట్టి 40 నుంచి 60 ఆంపియర్లు. రెంటినీ ఒకసారి తాకించి వెంటనే విడదీస్తే మధ్యలో మంట నిలుస్తుంది. ఆ వెలుగుని వెనకాల గుండ్రటి అద్దం పోగుచేసి ఫిల్ము మీదికి పంపుతుంది. కళ్లతో నేరుగా చూడకూడదు. పెట్టె తలుపుకున్న నల్లద్దంలోంచే చూడాలి.

కడ్డీలు కాలిపోతూ ఉంటాయి కాబట్టి మధ్య సందు పెరుగుతూ ఉంటుంది. మోటారు వాటిని ముందుకు జరుపుతుంది గానీ అది సరిగ్గా పనిచేసే రోజులు తక్కువ. చెయ్యి మర మీద ఉండాలి. సందు పెరిగితే వెలుగు గుడ్డిదవుతుంది, మరీ పెరిగితే ఆరిపోతుంది. మంట అద్దానికి ఉండాల్సిన దూరం తప్పితే తెర మీద రంగు మారిపోతుంది, ఒకసారి గోధుమ రంగులోకి, ఒకసారి నీలంలోకి. ఆపరేటర్ టీకి దిగిన అయిదు నిమిషాల్లో హీరోయిన్‌కి కామెర్లు వచ్చేది అందుకే. రాగి పూత కరిగి బొట్లు బొట్లుగా రాలేది. అవి అద్దం మీద పడి గుంటలు చేస్తే తెర అంచులు నల్లబడేవి. ఆ అద్దం మార్చాలంటే ఖర్చు. అందుకని మచ్చల అద్దంతోనే సంవత్సరాలు లాగించినవాళ్లున్నారు.

పొదుపు ఇంకా చాలా రకాలుగా సాగేది. కాలగా మిగిలిన కడ్డీ ముక్కల్ని ఒకదానికొకటి బిగించి మళ్లీ కాల్చేవాళ్లు. అతుకు దగ్గరికి వచ్చేసరికి వెలుగు రెపరెపలాడేది. యాభై ఆంపియర్లు ఉండాల్సిన చోట నలభైకి దించితే కార్బనూ మిగులుతుంది, కరెంటూ మిగులుతుంది. పట్టపగటి సీన్లలో తేడా తెలియదు. రాత్రి సీన్లలో తెలుస్తుంది. అక్కడ తెర మీద కనపడేది చీకటే.

ఇందులో ఎక్కువ నష్టపోయింది నలుపు తెలుపు కాలం కెమెరామెన్లు. మార్కస్ బార్‌ట్లే విజయా వారి చిత్రాల్లో సృష్టించిన వెన్నెల గురించి ఈనాటికీ చెప్పుకుంటాం. ఆ వెన్నెలంతా నలుపుకీ తెలుపుకీ మధ్య ఉన్న పది రకాల బూడిద రంగుల్లో ఉంది. దీపం గుడ్డిదైతే ఆ పదీ కలిసి రెండవుతాయి. గుంటూరులోనో, బెజవాడలోనో మంచి హాల్లో చూసినవాడు "అబ్బ, ఏం వెన్నెల!" అంటే, డేరాలో నడిచే టూరింగ్ టాకీసులో చూసినవాడికి ఆ పొగడ్త అర్థమయ్యేది కాదు. వాడు చూసింది మసక సాయంత్రం.

పెట్టె రాలేదు

35 ఎం.ఎం. ఫిల్ము సెకనుకి 24 ఫ్రేములు, నిమిషానికి 90 అడుగులు పోతుంది. వెయ్యడుగుల రీలు పదకొండు నిమిషాలు. కేబిన్లో రెండేసి రీళ్లు కలిపి రెండు వేల అడుగుల చుట్ట చేసుకునేవాళ్లు, ఇరవై రెండు నిమిషాలు. అంటే పదహారు రీళ్ల సినిమాకి ఎనిమిది చుట్టలు, ఏడుసార్లు ఒక ప్రొజెక్టర్ నుంచి రెండోదానికి మారడం. ఫిల్ము, డబ్బాలు, పెట్టె అన్నీ కలిపితే నలభై కిలోల దాకా తూగేది. బెజవాడ గాంధీనగర్ ఆఫీసుల నుంచి రైల్లోనో బస్సు కప్పు మీదో వచ్చే ఆ పెట్టె దిగేదాకా మేనేజరుకి అన్నం సహించదు.

మారే సమయం తెలియడానికి తెర మీద కుడివైపు పై మూలలో చుక్క పడుతుంది. మొదటి చుక్కకి రెండో మిషన్ మోటారు వెయ్యాలి. ఏడెనిమిది సెకన్లకి రెండో చుక్క పడుతుంది, అప్పుడు దీని మూత వేసి దాని మూత తియ్యాలి. ముందే కార్బన్ వెలిగించి ఒక నిమిషమైనా కాలనివ్వకపోతే కొత్త చుట్ట మొదట్లోనే వెలుగు ఊగుతుంది. మంచి ఆపరేటర్ చేతిలో మార్పు ఎవరికీ తెలిసేది కాదు. చుక్కల సంగతి తెలిసిన కుర్రాళ్లు మాత్రం సినిమా వదిలేసి మూలనే చూస్తూ కూర్చునేవాళ్లు. ఆ విద్య నేర్చుకున్నవాడికి మళ్లీ సినిమా సుఖంగా చూసే యోగం లేదు.

ప్రింటు పాతబడే కొద్దీ దెబ్బ తినేది చుట్టల మొదళ్లూ చివర్లే. ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ నలిగేవి అవే. నలిగింది కత్తిరించేస్తారు. దాంతో పాటు చుక్కలూ పోతాయి. అప్పుడు మేకుతో ఫిల్ము మీద ఒక గుణకారం గుర్తు గీకేవాళ్లు, అది తెర మీద పిడుగులా మెరిసేది. చివరి మాటలూ పోతాయి. నాలుగో విడత (నాలుగో రన్) ఆడే సినిమాలో ఇరవై నిమిషాలకొకసారి ఎవరో ఒకరు మాట సగంలో మింగేస్తున్నట్టుంటే అది చుట్ట మారిన చోటన్నమాట.

రెండు హాళ్లకి ఒకే ప్రింటు ఉన్నప్పుడు నడిచే సర్కస్ వేరు. ఇక్కడ మ్యాట్నీ రెండున్నరకి, అక్కడ మూడుంబావుకి. మొదటి చుట్ట 2.52కి అయిపోతుంది. చేత్తో వెనక్కి చుట్టడానికి అయిదు నిమిషాలు, సైకిల్ మీద పది నిమిషాలు. ఏడెనిమిది నిమిషాల వెసులుబాటు అంతే. సైకిల్ పంక్చరయినా, రైల్వే గేటు పడినా అవతల హాల్లో స్లయిడ్లు మొదలవుతాయి. బట్టల కొట్టు, కళ్లజోళ్ల షాపు, "ముందు సీట్లపై కాళ్లు పెట్టరాదు", మళ్లీ బట్టల కొట్టు. తొందరలో అయిదో చుట్ట బదులు ఏడోది ఎక్కిస్తే చచ్చిపోయినవాడు లేచొచ్చి పాట పాడేవాడు. జనం దాన్ని ఫ్లాష్‌బ్యాక్ అనుకుని సర్దుకునేవాళ్లు. కథ అర్థం కాలేదని ఆ ఊరు కొట్టిపారేసిన సినిమాల్లో కొన్నిటికి ఈ సైకిలే కారణమై ఉంటుంది.

తెగిన ఫిల్ము

పక్క రంధ్రాలు చిరిగినా, ఎండి పెళుసెక్కినా ఫిల్ము తెగుతుంది. తెగకుండా గేటులో, అంటే దీపం వెలుగు ఫిల్ము మీద పడే చోట, ఇరుక్కుంటే ఇంకా ప్రమాదం. ఆ వేడికి ఆగిన ఫ్రేము రెప్పపాటులో కరుగుతుంది. తెర మీద హీరో మొహం మధ్యలో గోధుమ రంగు బుడగ లేచి, పెద్దదై, అంతా తెల్లబడేది. హాల్లో బూతులు, ఈలలు.

అతికే పని ఇలా. రెండు కొసలూ రంధ్రాలు కలిసేలా అడ్డంగా కత్తిరించాలి. ఒక కొస మీద రెండు మిల్లీమీటర్ల మేర తడి చేసి బ్లేడుతో బొమ్మ ఉన్న మందు పొర పూర్తిగా గీకెయ్యాలి. సిమెంటు పల్చగా రాసి, రెండో కొస దాని మీద పెట్టి, పదిహేను సెకన్లు గట్టిగా నొక్కాలి. పొర కాస్త మిగిలినా అతుకు నిలవదు, మళ్లీ గేటులోనే ఊడుతుంది. అతుకు సౌండు ట్రాకు మీదుగా పోతుంది కాబట్టి "టప్" మంటుంది. ఓపికున్న ఆపరేటర్ ఆ చోట నల్ల సిరాతో చిన్న త్రికోణం పూసేవాడు, అప్పుడు చప్పుడు రాదు. ఒక్కో అతుక్కి కనీసం రెండు ఫ్రేములు పోతాయి, సెకనులో పన్నెండో వంతు. మాటల్లో తెలియదు. పాటలో తాళం గెంతుతుంది.

శబ్దానికి ఇంకో రెండు జబ్బులుండేవి. సౌండు ట్రాకు బొమ్మకంటే ఇరవై ఫ్రేముల దాకా ముందుంటుంది, ఎందుకంటే దాన్ని చదివే దీపం గేటుకి కింద ఉంటుంది. మధ్యలో వదిలే ఫిల్ము మడత పొడవు తప్పితే పెదవులొకటి, మాటలొకటి. ఫిల్ము పక్కకి జరిగి దీపం వెలుగు రంధ్రాల మీద పడితే సెకనుకి 96 రంధ్రాల లెక్కన తేనెటీగల రొద మొదలవుతుంది. మేలిరకం కచేరీ సినిమా అయినా అంతే, గాయకుడి వెనకాల తంబురా బదులు ఆ రొదే శ్రుతి.

కత్తిరించిన ముక్కలు పిల్లల సొత్తు. గోలీలకంటే వాటికే మారకం విలువ ఎక్కువ. ఎన్టీఆర్ ఉన్న ముక్కకి ఒక రేటు, చెట్లూ మేఘాలూ మాత్రమే ఉన్న ముక్కకి ఒక రేటు. వాటితో ఇంట్లో సినిమా వేసేవాళ్లు. మాడిపోయిన బల్బు తీసుకుని, వెనక నల్ల దిమ్మె జాగ్రత్తగా పగలగొట్టి, లోపలి తీగలు లాగేసి, అంచుదాకా తేట నీళ్లు నింపాలి. గాలి బుడగ ఉంటే బొమ్మ మీద అదే కనబడుతుంది. అట్టపెట్టెకి ఒకవైపు ఫ్రేమంత కన్నం చేసి ఫిల్ము తలకిందులుగా పెట్టాలి, దాని ముందు బల్బు. బయట ఎండలో ఒకడు అద్దం పట్టుకుని వెలుగు ఆ కన్నంలోకి కొట్టాలి. చీకటి గదిలో గోడకి తెల్ల పంచె. బల్బుని ముందుకీ వెనక్కీ జరుపుతూ ఉంటే ఒకచోట కళ్లూ ముక్కూ తేలతాయి. సూర్యుడు కదులుతాడు కాబట్టి అద్దం పట్టినవాడు కదుపుతూనే ఉండాలి. వాడికి మాత్రం సినిమా కనబడదు. అందుకే వంతులు, అందుకే తగాదాలు.

వెడల్పయిన తెర, పొట్టిదైన తెర

1974లో తెలుగులో మొదటి సినిమాస్కోప్‌గా అల్లూరి సీతారామరాజు వచ్చినప్పుడు హాళ్లు కొత్త లెన్సు కొనాల్సి వచ్చింది. ఫిల్ము మీద బొమ్మ పక్కలు నొక్కి ఉంటుంది, ఆ లెన్సు దాన్ని రెట్టింపు వెడల్పుకి విప్పుతుంది. లెన్సు లేకుండా వేస్తే మనుషులంతా ములక్కాడలు. ట్రైలరు మామూలు కొలతదై లెన్సు తియ్యడం మరిచిపోతే అందరూ గుమ్మడికాయలు. లెన్సు కొనడం ఒక ఎత్తు, గోడ జరపడం ఒక ఎత్తు. హాలు వెడల్పు పెంచలేనివాళ్లు తెరకి పైనా కిందా నల్లగుడ్డ కట్టి ఎత్తు తగ్గించారు. పెద్ద తెర అని పోస్టరు మీద చదివి వెళ్లినవాళ్లకి పాత తెరకంటే చిన్నది కనబడింది. "స్కోపంటే ఇదా" అని పెదవి విరిచినవాళ్లది తప్పు కాదు.

1986లో సింహాసనం 70 ఎం.ఎం., ఆరు ట్రాకుల శబ్దంతో వచ్చింది. ఆ మిషన్లు ఉన్న హాళ్లు కొన్నే. మిగతాచోట్ల వేసింది 35 ఎం.ఎం. ప్రింటే. పట్నం వెళ్లి చూసొచ్చినవాడికి ఊళ్లో కొన్నాళ్లు ప్రత్యేక గౌరవం. గుర్రాలు కుడి పక్క నుంచి ఎడమ పక్కకి ఎట్లా పరిగెత్తాయో చెవులతో సహా అభినయించి చూపేవాడు.

టాకు

సినిమా ఎట్లా ఉందో తేలేది సైకిల్ స్టాండులో. టోకెన్లు ఇచ్చి సైకిళ్లు బయటికి లాగే ఆ పది నిమిషాలూ వంద మంది ఒకేసారి తీర్పులు చెప్పేవాళ్లు. రెండో ఆటకి వచ్చినవాళ్లు బయట నిలబడి వినేవాళ్లు. "బొమ్మ ఎట్లా ఉంది?" అనడిగితే వచ్చే జవాబుకి చాలా మెట్లున్నాయి. "అదిరింది" అంటే సరే. "ఒకసారి చూడొచ్చు" అంటే వద్దని అర్థం. "పాటలు బాగున్నాయి" అంటే కథ లేదని. "ఫొటోగ్రఫీ బాగుంది" అన్నారంటే ఆ సినిమాకి ఇక నూకలు చెల్లినట్టే.

ఆ పక్కనే టీ తాగుతున్నట్టు నిలబడే మనిషి ఒకాయన ఉండేవాడు, పంపిణీదారు పంపిన రిప్రజెంటేటివ్. టిక్కెట్ల కౌంటరు ఫాయిళ్లు లెక్కపెట్టి, డీసీఆర్ అనే రోజువారీ వసూళ్ల పట్టీ రాసి ఆఫీసుకి పంపడం ఆయన ఉద్యోగం. అంకెలకంటే ముందు ఆయనకి స్టాండులోనే సంగతి తెలిసిపోయేది. శుక్ర, శని, ఆదివారాలు హీరోవి. సోమవారం మ్యాట్నీ సినిమాది. ఆ మ్యాట్నీకి ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని కదిలారంటే వంద రోజుల పోస్టరు అచ్చుకి ఇవ్వొచ్చు. వారం వసూలు ఒప్పందంలో రాసుకున్న హోల్డోవర్ అంకెకి దిగువన పడితే హాలువాడికి బొమ్మ ఎత్తేసే హక్కు వస్తుంది. పెట్టె తిరుగు రైలెక్కుతుంది.

మౌత్ టాకు ఎంత బలమైనదో చెప్పడానికి అందరూ తీసే ఉదాహరణ శంకరాభరణం. 1980 ఫిబ్రవరిలో పెద్ద హీరో లేకుండా, పెద్ద వయసు సంగీత విద్వాంసుడి కథతో వచ్చింది. మొదటి రోజుల్లో హాళ్లు బోసిగా ఉన్నాయి. చూసినవాళ్లు చెప్పి చెప్పి నింపారు. అలాంటి సినిమాకి రెండో వారం దొరకడమే ప్రాణం. జగదేకవీరుడు అతిలోకసుందరిది మరో కథ. 1990 మే 9న విడుదల, అదే రోజు కోస్తా మీద తుఫాను. రోడ్లు తెగి, కరెంటు పోయి, కొన్నిచోట్ల హాళ్లలోకే నీళ్లు. నీళ్లు తీశాక జనం వచ్చారు, వస్తూనే ఉన్నారు. మొదటి మూడు రోజుల వసూలుతోనే జాతకం రాసేసే ఇప్పటి పద్ధతి అప్పుడుంటే రెండూ పోయేవే.

అచ్చులో వచ్చే అభిప్రాయాలకి వేరే గౌరవం. యాభైల్లో ఆంధ్రపత్రికలో ముళ్లపూడి వెంకటరమణ సమీక్షలు, తర్వాత విజయచిత్ర, సితార. కానీ పత్రిక ఊరికి చేరేసరికి బొమ్మ మారిపోయేది. కాబట్టి సమీక్ష చదివింది చూడాలా వద్దా తేల్చుకోవడానికి కాదు, చూసేసినదాని గురించి తన మాట నెగ్గించుకోవడానికి.

మార్నింగ్ షో

పాత సినిమాల మీద మన అభిప్రాయాలు చాలామటుకు మార్నింగ్ షోల్లో పుట్టినవే. తక్కువ రేటు టిక్కెట్టు, కాలేజీ ఎగ్గొట్టినవాళ్లు, సంతకొచ్చినవాళ్లు. ప్రింటు అప్పటికి పదిచోట్ల తిరిగి వచ్చింది. తెర మీద మొదటి నుంచి చివరిదాకా నిలువు గీతల వాన. మాయాబజార్ 1957లో విడుదలైంది. ఆ తర్వాత పాతికేళ్లలో దాన్ని హాల్లో చూసినవాళ్లలో ఎక్కువమంది చూసింది ఇలాంటి ప్రింటులోనే. అయినా ఏ మాటా తప్పిపోయినట్టు అనిపించేది కాదు. తెగినచోట హాలే అందుకునేది. ఘటోత్కచుడు నోరు తెరిచేలోపు నేల మొత్తం ఆ మాట అనేసేది.

2010 జనవరిలో దానికి రంగులద్ది విడుదల చేసినప్పుడు రెండు పక్షాలు ఏర్పడ్డాయి. వెన్నెల పాడైపోయిందని కొందరు, పిల్లలు ఇప్పటికైనా చూస్తున్నారు కదా అని కొందరు. నలుపు తెలుపుల నెగటివులోని బూడిద రంగుల మెట్లు కెమెరామన్ ఆలోచన, వాటి మీద ఇంకొకరి ఆలోచన పులమకుండా ఉంటేనే మేలు. కానీ ఆ వాదనలో ఒక సంగతి మరుగున పడింది. గీతలు తుడిచి, శబ్దం బాగుచేసి ఇస్తే, రంగులు లేకపోయినా చాలామందికి అది కొత్త సినిమాయే. వాళ్లు ఆ వెన్నెలని సరైన దీపంలో ఎప్పుడూ చూడలేదు.

ఇప్పుడు

2005 తర్వాత యూఎఫ్‌ఓ, క్యూబ్ అనే డిజిటల్ ప్రదర్శన పద్ధతులు వచ్చి పెట్టెలూ, సైకిళ్లూ, కార్బన్లూ అన్నిటినీ పదేళ్లలోపే సాగనంపాయి. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో వేసేదీ, అద్దంకిలో వేసేదీ ఒకే ఫైలు. దీపం పాతబడితే ఇప్పుడూ చీకటే. బల్బు గంటలు దాటిపోయినా మార్చని హాళ్లు ఇప్పుడూ ఉన్నాయి. త్రీడీ కోసం వేసిన వెండి తెర మీద మామూలు సినిమా వేస్తే మధ్యలో ప్రకాశం, పక్కల మసక. ఫొటోగ్రఫీని తిట్టేముందు ఒక సీటు మధ్యకి జరిగి చూడటం మంచిది.

2022 ఆగస్టులో పోకిరి మళ్లీ వేసినప్పటి నుంచి రీ-రిలీజులు ఒక సీజనయ్యాయి. కాగితాలు విసరడం, తెర ముందు డాన్సులు, అక్కడక్కడా తెర చిరగడం. పాత రోజుల్లో చిల్లర విసిరితే బెజ్జాల తెర మీద గుంట పడేది, తెల్ల రంగు పూసి సరిచేసేవాళ్లు. ఇప్పటి పూత తెరకి ఆ వైద్యం లేదు. మచ్చ పడితే మచ్చే, మార్చాలంటే మొత్తం తెర. 2010లో ఆడని ఆరెంజ్, ఖలేజా లాంటివి ఇలా మళ్లీ వేస్తే హాళ్లు నిండాయి. పదేళ్లకి పైగా టీవీలో, ఫోన్లో చూసి పాటా మాటా కంఠతా వచ్చినవాళ్లు వాళ్లంతా. మార్నింగ్ షో నేల టిక్కెట్టువాళ్లు చేసిన పనే వాళ్లూ చేస్తున్నారు, తెర కంటే ముందు మాట అనేయడం.

2023లో బలగం వచ్చినప్పుడు తెలంగాణ పల్లెల్లో ఊరి నడిమధ్యలో తెర కట్టి, ప్రొజెక్టర్ పెట్టి, ఊరంతా చాపలేసుకుని చూశారు. చూసినవాళ్లలో టూరింగ్ టాకీసు ఎరిగినవాళ్లు కూడా ఉన్నారు. ఆరుబయట ప్రదర్శనకి చీకటి పూర్తిగా పడేదాకా ఆగాలి, తెరని గాలికి ఎదురు కాకుండా కట్టాలి, స్పీకర్లు తెర పక్కనే ఉండాలి గానీ వెనక జనం నెత్తిన కాదు. కరెంటు కోసం వేసే వైరు జనం నడిచే దారికి అడ్డంగా పోకూడదు. ఇవన్నీ డేరా రోజుల్లోనే తెలిసిన సంగతులు. ఇక ఆ రాత్రి బొమ్మ అయిపోయాక అక్కడి జనం మాట్లాడుకున్నది కెమెరా గురించీ కాదు, వసూళ్ల గురించీ కాదు. ఎవరింట్లో ఎవరు ఎవరితో ఎన్నేళ్లుగా మాట్లాడటం లేదో దాని గురించి.